ఎర్రగీత దాకా పూసలు

పూసలమ్మ అనేది ఆవిడకు తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. బడి పిల్లలు పెట్టారు, అదీ నిన్న మొన్న. అంతకుముందు చాలా ఏళ్ళు ఆవిడ ఉత్త లైబ్రరీ మేడమ్. పై అంతస్తులో వరండా చివర పొడుగాటి గది, గోడల పొడుగునా చెక్క అరలు, మైదానం వైపు ఒక పెద్ద కిటికీ, ఒక కాలు కింద అట్టముక్క మడిచి పెడితే తప్ప నిలబడని బల్ల. ఆ బల్ల వెనక ఆవిడ. పుస్తకం చిరిగితే అతికించేది. పిల్లలు అల్లరి చేస్తే కళ్ళజోడు పైనుంచి చూసేది. ఆ చూపుకి సగంమంది కూర్చునేవారు, మిగతా సగం బయటికి జారుకునేవారు. "లైబ్రరీ ఎలా నడుస్తోంది మేడమ్?" అని ఎవరైనా అడిగితే "బాగానే నడుస్తోంది" అనేది. అడిగినవాళ్ళకీ అంతకంటే అక్కర్లేదు.

కొత్త హెడ్మాస్టరుకు అక్కరొచ్చింది.

ఆయన చెడ్డవాడేం కాదు. ఆ మాట ముందే చెప్పేస్తే ఒక పనైపోతుంది. కాకపోతే, కొలవలేనిదంటూ లోకంలో ఏదీ ఉండదని నమ్మిన మనిషి. చేరిన వారంలోనే అందర్నీ కూర్చోబెట్టి, ఈ ఏడాది మీ మీ పనుల్లో ఏం సాధిస్తారో కొలవడానికి వీలుగా రాసివ్వమన్నాడు. ఆటల మాస్టారు పరుగుపందేల సెకన్లు రాసిచ్చి చేతులు దులుపుకున్నాడు. మన మేడమ్ మాత్రం ముత్యాల్లాంటి దస్తూరీతో "పిల్లల్లో పుస్తకాలపై ఆసక్తి పెంచడం" అని రాసిచ్చింది. మర్నాటికల్లా కాగితం తిరిగొచ్చింది. ఆ వాక్యం కింద ఎర్రసిరాతో మూడు ప్రశ్నలున్నాయి. ఎంత? ఎప్పటికి? పెరిగిందని ఎలా తెలుస్తుంది?

కాగితం పట్టుకుని ఆయన గదికి వెళ్ళింది.

"ఆసక్తిని ఎలా కొలుస్తాం సార్? జ్వరమా ఏమన్నానా, థర్మామీటరు పెట్టడానికి?"

"కొలవకపోతే అది ఉందో లేదో కూడా చెప్పలేం కదమ్మా." ఆయన గొంతు పెంచలేదు. "మీ దగ్గర దాచడం దేనికి? ఆ గది కంప్యూటర్లకి ఇచ్చెయ్యమని బడి కమిటీవాళ్ళు చెవిలో జోరీగలా పోరుతున్నారు. అరలు తెచ్చి వరండాలో పెట్టుకుంటే చాలంటున్నారు. ఆ గది ఉండడం వల్ల ఏం జరుగుతోందో నాకు చూపించండి, వాళ్ళ నోరు నేను మూయిస్తాను. ఏడాది టైముంది."

వరండాలో అరలు! వానజల్లు కొట్టే వరండాలో, బెల్లు మోగితే వందమంది పిల్లలు తోసుకుంటూ పరుగెత్తే వరండాలో. ఆ గది పోతే ఆవిడ ఉద్యోగం పోదు, ఏ ఆఫీసు బల్ల దగ్గరో కూర్చోబెడతారు. పోయేది గదే. ఇంట్లో మాట చెల్లని పిల్లలు, ఆటల్లో ఎవరూ కలుపుకోని పిల్లలు వచ్చి, అడిగేవాళ్ళు లేక హాయిగా కూర్చునే చోటు బడి మొత్తంలో అదొక్కటే. ఆవిడకు అది తెలుసు. ఎలా కొలవాలో మాత్రం తెలియలేదు.

ఇంటికొచ్చి వదినతో చెప్పుకుంది. వదినంటే భర్తకు అక్క, అదే బడిలో లెక్కల టీచరు. పెళ్ళి చేసుకోలేదు. తమ్ముడి ఇంటి మేడ మీద గదిలో ఉంటుంది, భోజనం మాత్రం కిందే. మరదలికి ఈ ఉద్యోగం వేయించింది ఆవిడే. పిల్లలకు లెక్కల మేడమ్ అంటే హడల్. ఎందుకంటే జవాబు సరిగ్గా వచ్చినా నడుమ మెట్లు రాయకపోతే నిర్దాక్షిణ్యంగా సున్నా వేస్తుంది. "ఆకాశం నుంచి ఊడిపడ్డ జవాబు నాకొద్దు. ఎలా వచ్చావో చెప్పు" అని పేపరు తిరిగిచ్చేస్తుంది. తల్లిదండ్రులొచ్చి ఎంత బతిమాలినా ఆ సున్నా పక్కన ఇంకో అంకె చేరేది కాదు.

మరదలికి మాత్రం ఆవిడ కొండంత అండ. కాపురానికొచ్చిన కొత్తలో మీరు మీరు అంటుంటే, "నన్ను నువ్వు అను. మీరంటే పరాయిదాన్లా ఉంటుంది" అని ఆవిడే అలవాటు చేసింది. అప్పట్నుంచి వాళ్ళిద్దరి మధ్యా దాపరికం లేదు. లేదని ఒకావిడ అనుకుంది, ఇంకొకావిడ అనుకోనిచ్చింది.

"నెలకి ఎన్ని పుస్తకాలు బయటికెళ్ళాయో లెక్క చూపించు. దానికింత ఆలోచనెందుకు?" అంది వదిన, టీ చల్లార్చుకుంటూ.

"చంకలో పెట్టుకెళ్ళి చంకలోనే తెస్తారు వదినా. పుస్తకాలకి వాహ్యాళి తప్ప దానివల్ల ఒరిగేదేముంది?"

"మరి ఏం కొలుస్తావు?"

ముందుగదిలో మిషను చప్పుడు ఆగింది. భర్త దర్జీ. ఎవరో పెద్దింటి పిల్ల గౌనుకు కుట్టగా మిగిలిపోయిన కొయ్యపూసలు డబ్బాలో గలగలలాడిస్తూ అలమర సర్దుకుంటున్నాడు. ఆ గలగల వింటూ ఉండగా ఆవిడకు తట్టింది.

"పుస్తకం తిరిగిచ్చేటప్పుడు అందులో సంగతొకటి నాకు చెప్పాలి. అట్ట చూస్తే తెలిసిపోయేది కాదు, అట్ట వెనక అచ్చేసి ఉన్నదీ కాదు. లోపలికి వెళ్ళి తెచ్చుకున్నది. చెబితే ఒక పూస. తరగతికొక దండ. ఏడాది చివరికి దండ ఎంత పొడుగైందో హెడ్మాస్టరు టేపు పెట్టి కొలుచుకోవచ్చు."

వదిన కప్పు కింద పెట్టి మెచ్చుకోలుగా చూసింది. "మెట్లతో సహా జవాబన్నమాట."

"నీ దగ్గర నేర్చుకున్నదే."

అలా పుట్టింది లక్ష్యం. లైబ్రరీ గోడకు వరసగా ఆరు మేకులు, ఒక్కో మేకుకు ఒక్కో దారం. కిటికీ గట్టు ఎత్తులో గోడ పొడుగునా ఎర్రరంగుతో గీత గీశారు. భర్త టేపు తెచ్చి కొలిచి, మేకు నుంచి గీత దాకా నూట యాభై పూసలు పడతాయని తేల్చాడు. ఏడాది చివరికి ఆరు దండలూ గీత దాటాలి. దాటితే గది ఉంటుంది. హెడ్మాస్టరు గోడను రెండు నిమిషాలు చూసి, "ఇదీ లక్ష్యమంటే" అని సంతకం పెట్టాడు.

మొదట్లో పూసలు నత్తనడక నడిచాయి. పిల్లలు పుస్తకం తెచ్చి, మేడమ్ ఎదురుగా నిలబడి, నీళ్ళు నమిలేవారు. "బాగుంది మేడమ్." "ఏం బాగుంది?" "కథ బాగుంది." పూస లేదు. "చివర్లో అందరూ సుఖంగా ఉంటారు మేడమ్." అది అట్ట చూసినా చెప్పొచ్చు, పూస లేదు. కొందరు అలిగి రావడం మానేశారు. ఆవిడ బతిమాలలేదు. మళ్ళీ వచ్చినవాళ్ళు మాత్రం ఏదో ఒకటి తెచ్చుకునే వచ్చారు.

ఏడో తరగతి పిల్ల ఒకతి ఉండేది. రోజూ తిండి డబ్బా తెచ్చుకుని కిటికీ గట్టు మీద కూర్చుని చదివేది కాబట్టి మేడమ్ మనసులో ఆ పిల్లకు కిటికీ పిల్ల అని పేరు. మాట తడబడుతుంది. తరగతిలో ప్రశ్న అడిగితే మొహం ఎర్రబడిపోయి కూర్చుండిపోతుందని టీచర్లు అనేవారు. ఆ పిల్ల ఒకరోజు సముద్రపొడ్డు దీపస్తంభం కాపలావాళ్ళ గురించిన పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టింది. మేడమ్ కలం మూసి, చేతులు కట్టుకుని కూర్చుంది. తొందర లేదని పిల్లకు తెలియాలి కదా.

"వా... వాళ్ళ కోడికి పే... పేరు పెట్టారు మేడమ్. కా... కానీ పిలవరు." పిల్ల ఊపిరి తీసుకుంది. "గా... గాలిలో దానికి వినపడదు కదా."

మేడమ్ ఆ పుస్తకం ఎప్పుడో చదివింది, కోడి సంగతే మర్చిపోయింది. వెంటనే లేచి పూస తెచ్చి పిల్ల చేతికే ఇచ్చింది. పిల్ల బల్లెక్కి దారానికి గుచ్చి, దిగి, ఏమీ జరగనట్టు మళ్ళీ కిటికీ దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ రోజు ఇంటికి వెళ్ళేదాకా మేడమ్ మొహం మతాబులా వెలుగుతూనే ఉంది.

అయితే ఒక్క కిటికీ పిల్లతో గీత దాటుతామా? అర్ధ సంవత్సరం గడిచాక హెడ్మాస్టరు టేపుతో వచ్చాడు. ఏ దండా మూడోవంతు దిగలేదు. ఆయన టేపు చుట్టుకుంటూ "మీరు పెట్టుకున్న కొలతేనమ్మా" అన్నాడు. ఎత్తిపొడుపు కాదు, జాలిపడ్డాడు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

ఆ సాయంత్రం వదిన ఒళ్ళో తలపెట్టుకుని ఏడ్చింది. నా పూసలే నా గదికి ఉరితాళ్ళయ్యాయి వదినా అని ఏడ్చింది. వదిన జుట్టు నిమిరి, "బెంగపడకు. నేనున్నానుగా" అంది. అందరూ అనే మాటే కదా అని మరదలు కళ్ళు తుడుచుకుంది.

తర్వాత రెండు వారాలకు పిల్లలు రావడం మొదలుపెట్టారు. ఇద్దరు ముగ్గురు కాదు, తరగతులకు తరగతులు. మధ్యాహ్నం బెల్లు కొట్టేసరికి వరండాలో వరస. పుస్తకం పెట్టడం, సంగతి చెప్పడం, పూస పుచ్చుకోవడం. "వంటవాడు ఉప్పుడబ్బాని తాడుతో మెడకి కట్టుకుంటాడు మేడమ్." "రాజుగారి గుర్రానికి మెట్లెక్కడం రాదు మేడమ్." "ఆ అమ్మాయి ఉత్తరం రాసి చెప్పులో దాస్తుంది మేడమ్." అన్నీ లోపలి సంగతులే, ఒక్కటీ అట్ట మీదది కాదు. అప్పుడే పూసలమ్మ అనే పేరొచ్చింది. "పూసలమ్మా, ఇంకోటి చెప్తా" అని బల్ల మీద వాలిపోయేవారు. ఆవిడ కోప్పడ్డట్టు కళ్ళజోడు పైనుంచి చూసేది గానీ, ఆ పేరు విన్నప్పుడల్లా లోపల్లోపల మురిసిపోయేది.

పూసలు అయిపోవచ్చాయి. భర్తకు చెబుదామని ముందుగదిలోకి వెళ్తే, ఆయన మిషను కింద నుంచి నిండు డబ్బా తీసి చేతిలో పెట్టాడు. "ఎలాగూ కావలసొస్తాయని తెప్పించా" అన్నాడు. నోరు తెరవకముందే మనసు కనిపెట్టే మొగుడు దొరికాడని ఆవిడ వదినతో గొప్పగా చెప్పుకుంది. వదిన నవ్వింది.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. ఆవిడకు అనుమానం రాలేదు. సంగతులన్నీ ఒకే పొడుగుండడం, ఒకే గుక్కలో రావడం, ఏ పిల్లా "తర్వాత ఏమవుతుందో తెలుసా మేడమ్" అని కళ్ళు పెద్దవి చెయ్యకపోవడం, ఇవన్నీ తర్వాత గుర్తొచ్చాయి. ఆకలితో ఉన్నవాడికి విస్తట్లో అన్నం ఎక్కడిదని అడిగే ఓపిక ఉంటుందా?

దండలు చూడ్డానికి కమిటీ వచ్చేది ఇంక వారంలో. ఆరు దండలూ గీత దాటాయి, ఆరో తరగతిదైతే గీత దాటి జానెడు వేలాడుతోంది. ఆవిడ ఆ శనివారం తలుపేసుకుని, ఎక్కువ తిరిగిన పుస్తకాలకు మరమ్మతులు చేద్దామని పిండి జిగురు కలుపుకుని కూర్చుంది. అన్నిటికంటే ఎక్కువ తిరిగింది ఓడలో వంటవాడి కథ. ఏడాది నడుమ కొన్నది. వెనకట్ట లోపల చీటీ నిండా పిల్లల పేర్లే, ఇరవైకి పైనే. ఇంత నలిగిన పుస్తకానికి వెన్ను ఊడిపోయి ఉంటుందని తెరిచింది.

వెన్ను ఊడలేదు. కనీసం మడత పడలేదు. పుస్తకం మధ్యకొచ్చేసరికి పేజీ తిరగలేదు.

ప్రెస్సులో ఒక్కోసారి జరిగే పొరపాటే. కాగితం మడిచి కుట్టాక పై అంచు కోస్తారు. కత్తి సరిగ్గా పడకపోతే కొన్ని పేజీలు ఒకదానికొకటి అంటుకునే ఉండిపోతాయి. చదివేవాళ్ళు ఎవరైనా వేలితోనో స్కేలుతోనో కోసుకోవాలి, లేదా మేడమ్ దగ్గరికి తీసుకురావాలి. ఎనిమిది పేజీలు అలా మూసుకునే ఉన్నాయి. ఆవిడ కత్తితో కోసి, నిలబడే చదివింది. అప్పటిదాకా ఓడలో ఉన్న వంటవాడు ఆ ఎనిమిది పేజీల తర్వాత ఓడలో లేడు. ఎందుకు దిగిపోయాడో ఆ పేజీల్లోనే ఉంది. అది తెలియకుండా మిగతా కథ ఎవరికీ బోధపడదు. ఇరవైమంది పిల్లల్లో ఒక్కరు కూడా వచ్చి, మేడమ్ ఈ పేజీలు తెరుచుకోవడం లేదని అడగలేదు.

అరల్లోంచి ఇంకో పుస్తకం తీసింది. ఇంకోటి. పది పన్నెండు తీసింది. తెరిస్తే కొత్త జిగురు పెటపెటమంది. బాగా చదివిన పుస్తకం తెరిస్తే ఒళ్ళు విరుచుకున్నట్టు రెండుగా పడిపోతుంది. ఇవి బిర్రబిగుసుకుని మూసుకుపోతున్నాయి.

సోమవారం వరసలో ముందు నిలబడ్డ ఆరో తరగతి పిల్లవాణ్ణి ఆపింది. వాడి పేరు కూడా ఆ చీటీలో ఉంది.

"ఒరేయ్, వంటవాడు ఓడెందుకు దిగిపోయాడు?"

వాడు కళ్ళు టపటపలాడించాడు. "అది మాకు చెప్పలేదు మేడమ్."

"ఎవరు చెప్పలేదు?"

"లెక్కల మేడమ్." పక్కవాడు మోచేత్తో పొడిచాడు. కానీ వీడికి అందులో తప్పేముందో తెలియలేదు. "రోజూ లెక్కలయ్యాక ఒక్కొక్కళ్ళకి ఒక్కో సంగతి చెప్తారు మేడమ్. అది మీకు చెప్పాలి. లేకపోతే మీ గది తీసేసుకుంటారంట కదా. మేం కాపాడుతున్నాం."

వాడు నిజంగానే గర్వంగా చెప్పాడు. వాడికి పూస ఇచ్చి పంపింది. ఎందుకిచ్చిందో ఆవిడకే తెలియదు.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు అంటారు. సామెత విన్నప్పుడు నవ్వొస్తుంది గానీ, మన గింజలే బుర్రలైతే నవ్వు రాదు. ఇంటికి వెళ్ళి, మేడ మెట్లెక్కి, చెప్పులు కూడా విప్పకుండా వదిన గదిలో నిలబడింది. వదిన పరీక్ష పేపర్లు దిద్దుతోంది. పక్కన కుర్చీ మీద లైబ్రరీ పుస్తకాలు నాలుగున్నాయి. వదిన వాటిని దాచే ప్రయత్నమేమీ చెయ్యలేదు.

"ఎన్నాళ్ళ నుంచి చేస్తున్నారు ఈ పని?"

చేస్తున్నారు అన్న మాటకు వదిన తలెత్తింది. ఇన్నేళ్ళలో మరదలు తనను మళ్ళీ మీరు అనలేదు.

"తెలిసిపోయిందా," అంది. కలానికి మూత పెట్టింది. "కూర్చో."

"కూర్చోను."

"చూడవే, పదిహేను రోజులు నువ్వు అన్నం సరిగ్గా తినలేదు. కళ్ళముందు గది పోతుంటే నన్ను చూస్తూ ఊరుకోమంటావా? ఒక్కో పుస్తకం తిరగేశాను, సంగతులు ఏరాను, పిల్లలకి పంచాను. నాకేమన్నా మిగిలిందా అందులో? నీ గది నిలబెట్టాను."

"గది నిలబెట్టి నన్ను పడగొట్టారు. మెట్లు లేని జవాబుకి సున్నా వేసే మనిషి మీరు. ఇప్పుడు పిల్లలందరికీ దొంగజవాబులు మీరే చేతికిచ్చారు. అదీ నాకివ్వడానికి!"

"పరీక్ష వేరు, బతుకు వేరు," అంది వదిన. ఆ మాట అన్నాక తనకే నచ్చలేదో ఏమో, పేపర్ల కట్ట అటూ ఇటూ సర్దింది.

"పోనీ ఒక్కటి చెప్పండి. ఆ పూసల్లో నిజంగా చదివినవాళ్ళవి ఏవి?"

"నాకేం తెలుసు? తరగతి మొత్తానికీ చెప్పాను."

"ఏడో తరగతికి కూడానా?"

"అన్ని తరగతులకీ."

"కిటికీ దగ్గర కూర్చునే పిల్ల... మాట తడబడుతుంది, ఆ పిల్లకి?"

"అదీ ఆ బెంచీల్లోనే కూర్చుంటుంది కదే. వినే ఉంటుంది. ఎవరు నావి చెప్పారో, ఎవరు సొంతంగా చదివి చెప్పారో, నేను ఒక్కొక్కళ్ళనీ పట్టుకుని అడిగానా?"

తడిగుడ్డతో గొంతు కోయడం అంటే ఏమిటో పూసలమ్మకు ఆ క్షణంలో తెలిసింది. గది గురించి కాదు. కోడి సంగతి గుర్తొచ్చింది, దీపస్తంభం మీద గాలి గుర్తొచ్చింది. అది వదిన ఇందులో చెయ్యి పెట్టకముందు జరిగిన సంగతి, అది నిజమే అయ్యుండాలి. కానీ తర్వాత ఆ పిల్ల చెప్పినవి? ఒక్కొక్కటీ ఆవిడ ఎంత ఓపిగ్గా విందో, ఎంత మురిసిపోయిందో! అందులో ఏవి ఆ పిల్లవి, ఏవి లెక్కల పీరియడ్ చివరివి? ఇప్పుడు వాటిలో దేన్నీ మనసారా నమ్మలేకపోయింది. వదిన దొంగిలించింది అదే.

కిందికి దిగొచ్చేసరికి భర్త మిషను ఆపి చూస్తున్నాడు. మేడ మీద మాటలు కిందికి వినపడతాయి.

"మా అక్క నీ మంచికే చేసింది," అన్నాడు మెల్లగా.

ఆవిడ అక్కడే ఆగిపోయింది. "మీకూ తెలుసా?"

ఆయన దారం పంటితో కొరికాడు. పూసలు ఎక్కువ తెప్పించమని అక్క ముందే చెప్పిందన్నాడు. నువ్వు నవ్వుతుంటే చెప్పబుద్ధి కాలేదన్నాడు. మనసు కనిపెట్టే మొగుడని ఆవిడ గొప్పగా చెప్పుకున్న మొగుడాయన. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఇంట్లో ఉన్న ఇద్దరూ దొంగలైతే ఇక పట్టేదెవరు? ఆవిడ ఆయనకు అన్నం వడ్డించింది గానీ తను తినలేదు. ఆయనా సగంలో లేచిపోయాడు.

మర్నాడు హెడ్మాస్టరు గదికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పింది. కోసిన పేజీలున్న పుస్తకం ఆయన బల్ల మీద పెట్టింది. వదిన పేరెత్తకుండా ఎలా చెప్పాలా అని దారంతా ఆలోచించింది గానీ, అక్కడికి వెళ్ళాక ఆ తంటా అవసరమే రాలేదు. ఎవరు చేశారని ఆయన అడగలేదు.

"కొలత ఎవరు పెట్టారమ్మా?"

"నేనే సార్."

"దండలు గీత దాటాయా?"

"దాటాయి సార్, కానీ..."

"నేను పైవాళ్ళకి రాసి పంపేశాను. కమిటీవాళ్ళు కంప్యూటర్లకి కింది హాలు చూసుకుంటున్నారు. ఇప్పుడు నేను వెళ్ళి, కాదండీ, మా పూసలు అబద్ధం అంటే మిగిలేదేంటి? మీ గదీ పోతుంది, నా మాటా పోతుంది." పుస్తకం ఆవిడ వైపు జరిపాడు. "మీరు మరీ లోతుకి వెళ్తున్నారు. పిల్లలు పుస్తకం ముట్టుకున్నారు కదా, అది చాలు."

ఎంత, ఎప్పటికి, ఎలా తెలుస్తుంది అని ఎర్రసిరాతో అడిగిన చెయ్యి అదే. ఆవిడ పుస్తకం తీసుకుని బయటికొచ్చి, దాన్ని యథాప్రకారం అరలో పెట్టింది.

కమిటీ వచ్చిన రోజు టేపు తెచ్చారు, దండలు కొలిచారు, చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా వదిన కొట్టింది, మరదలి వైపు చూస్తూ కొట్టింది. ఆ చూపులో బతిమాలడం ఉంది. పూసలమ్మ గోడను చూస్తూ నిలబడింది. గది ఉంటుందని కమిటీ పెద్ద ప్రకటించాడు. వచ్చే ఏడాదికి ఎర్రగీతను నేల దగ్గరికి దించుదామని హెడ్మాస్టరు అందరి ముందూ చెప్పాడు. మళ్ళీ చప్పట్లు.

అందరూ వెళ్ళిపోయాక ఆవిడ కుర్చీలో కూలబడింది. గది అంతా తనదే. అరలు అలాగే ఉన్నాయి, బల్ల కింద అట్టముక్క అలాగే ఉంది. కోరుకున్నది చేతికందినప్పుడు ఇంత వెగటుగా ఉంటుందని ఎవరూ చెప్పలేదు.

తలుపు దగ్గర అలికిడైంది. కిటికీ పిల్ల. చేతిలో ఓడలో వంటవాడి కథ. రెండు రోజుల క్రితం తీసుకెళ్ళింది. వచ్చి బల్ల మీద పెట్టి, ఎప్పట్లాగే ఊపిరి తీసుకుంది.

"వం... వంటవాడికి మేడమ్..."

ఎప్పట్లా ఆవిడ చేతులు కట్టుకుని ఉండాల్సింది. కానీ చేతులు పుస్తకం మీదికి వెళ్ళాయి. పిల్ల చెబుతుండగానే పేజీలు తిప్పడం మొదలుపెట్టింది, పిల్ల చెప్పేది అందులో ఎక్కడుందో వెతుకుతూ. అది చాలనట్టు నోరు కూడా జారింది.

"ఇది నువ్వు చదివావా, ఎవరన్నా చెప్పారా?"

పిల్ల ఆగిపోయింది. మేడమ్ మొహం చూసింది, పేజీల మధ్య ఇరుక్కున్న మేడమ్ వేళ్ళు చూసింది. మాట కోసం తడుముకున్నప్పుడు ఆ పిల్ల మొహం ఎర్రబడుతుంది. ఇప్పుడు ఎర్రబడలేదు, తెల్లబోయింది.

"చ... చదివాను," అంది. చెప్పాలని వచ్చిన సంగతి కూడా చెప్పేసింది. "అ... అతని నాలుకకి ఉప్పు తెలియడం మానేసింది మేడమ్. ఎ... ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండా దిగిపోయాడు."

పూసలమ్మ వేళ్ళు ఆగాయి. అవి ఆగిన చోట అంచు గరుకుగా ఉంది. శనివారం తన కత్తితో తనే కోసిన అంచు. వదిన ఎన్నడూ చూడని పేజీలు. ఆ ఎనిమిది పేజీలు బడి మొత్తంలో ఇద్దరే చదివారు.

గబుక్కున లేచింది. డబ్బాలో చెయ్యిపెట్టి, చేతికందిన పూస తీసి పిల్లకు చాచింది. "తీసుకో తల్లీ. నీదే. నువ్వే గుచ్చు, రా."

పిల్ల చెయ్యి చాచలేదు. గోడ వంక చూసింది, గీత దాటి దిగిన ఏడో తరగతి దండ వంక చూసింది.

"వ... వద్దు మేడమ్," అంది. "అం... అందులో కలిసిపోతుంది."

కోపంగా అనలేదు. మామూలుగా, ఉన్న సంగతి చెప్పినట్టు చెప్పింది. సంచీ భుజానికి తగిలించుకుంది. ఎప్పుడూ కూర్చునే కిటికీ వైపు వెళ్ళలేదు, మెట్లు దిగి మైదానంలోకి వెళ్ళిపోయింది. పూసలమ్మ పూస పట్టుకున్న చెయ్యి చాచినట్టే ఉంచి, ఆ అడుగుల చప్పుడు వినపడినంతసేపూ నిలబడి ఉంది.